అందరూ కొంచెమే పెట్టారు

బీడు గేటు తీసి అడుగు పెట్టగానే ఈశ్వరి కాలికింద ఏదో మెత్తగా నలిగింది. చూస్తే అరటిపండు తొక్క. నాలుగడుగులు ముందుకు వేస్తే పుచ్చు వంకాయలు, వాటి పక్కనే ఎవరింట్లోదో నిన్నటి చారన్నం. "ఇది గుర్రాలు మేసే బీడా, భోజనాలయిపోయిన పెళ్ళిపందిరా?" అని గొణుక్కుంటూ కుచ్చిళ్ళు ఎగదోపుకుని అన్నీ గంపలోకి ఏరింది.

గేటు పక్కన ఆమె పట్టుబట్టి రాయించిన బోర్డు బాగానే నిలబడి ఉంది. "దయచేసి గుర్రాలకు ఏమీ పెట్టవద్దు" అని ఎర్రరంగు అక్షరాలు. ఆ బోర్డు మేకుకే ఎవరో పుణ్యాత్ములు మెత్తబడ్డ పళ్ళ సంచి తగిలించి పోయారు. తాము లేని పూట కూడా గుర్రం తినాలని కాబోలు! ఇలాంటి దయగల ఊళ్ళో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఈశ్వరికి తెలిసేది కాదు.

ఆమె మొగుడు త్రినాథ్‌ది గుర్రాల మీద బతుకు. పెళ్ళి ఊరేగింపులకు వాటిని తోలుకెళ్తాడు. ఆదివారాలు కళింగపట్నం బీచిలో పిల్లల్ని ఎక్కించి తిప్పుతాడు. మగగుర్రం బాద్షా, ఆడగుర్రం ముత్యం. ఈశ్వరి కోడలిగా వచ్చిన ఏడే ముత్యం కూడా పిల్లగా ఈ ఇంటికొచ్చింది. కొత్త ఊళ్ళో, కొత్త ఇంట్లో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియని రోజుల్లో ఈశ్వరి ఆ పిల్ల మెడ పట్టుకునే ఏడ్చేది. అందుకే అది ఆమెకు పశువు కాదు.

పోయిన వానాకాలం ఎవరో పెట్టిన పెళ్ళి పులిహోర తిని ముత్యం కడుపునొప్పితో నేలమీద పడి దొర్లింది. పశువుల డాక్టరు ప్రదీప్ శ్రీకాకుళం నుంచి వచ్చి నానా తంటాలూ పడి బతికించాడు. పోతూ పోతూ ఈశ్వరిని పక్కకు పిలిచి, "గుర్రానికి వాంతి రాదమ్మా. ఆవులా నెమరూ వేయదు. లోపలికి పోయింది పేగుల్లోంచి పోవాల్సిందే. మళ్ళీ ఇలాంటి తిండి పడిందంటే నేనొచ్చినా లాభం ఉండదు" అన్నాడు. ఆ మాట ఆమె గుండెలో మేకులా దిగిపోయింది.

ఇంతకీ అసలు చిక్కు వేరే ఉంది. ఈ బీడు వీళ్ళది కాదు. ఎదురింటి లక్ష్మణమ్మది. ఒకప్పుడు ఆమె ఎడ్లు మేసిన నేల. కొడుకు పైడిరాజు ట్రాక్టరు కొని ఎడ్లను అమ్మేశాక బీడు ఖాళీ పడింది. "ఉట్టినే పడున్నాది కదరా, మీ గుర్రాల్ని ఒగ్గండి" అని ఆవిడే పిలిచి ఇచ్చింది, ఏమీ పుచ్చుకోలేదు. ఊరి చుట్టూ ఉన్న తక్కిన బీళ్ళన్నీ రొయ్యల చెరువులైపోయాయి. ఇది కాదంటే గుర్రాలను నెత్తిన పెట్టుకుని మేపాలి.

అదిగో, ఆ లక్ష్మణమ్మే వస్తోంది. చేతిలో కుడితి బకెట్టు. ఆమె అడుగుల చప్పుడు వినగానే ముత్యం చెవులు నిక్కించి, బీడు ఆ చివర్నుంచి తోక ఎగరేసుకుంటూ పరుగున వచ్చింది. ఈశ్వరి పిలిస్తే ఏనాడూ అలా రాలేదు. ఈశ్వరి వస్తే కళ్ళెమూ వస్తుంది మరి.

"మల్లీ కుడితేనా పెద్దత్తా?" అంది ఈశ్వరి నీరసంగా.

"కొంచెమే అమ్మీ. కూరగాయల తొక్కు, గుప్పెడు తవుడు. పాసిది కాదు, ఇప్పుడే కలిపినాను."

"అది ఆవు కాదు. డాక్టరు బాబు సెప్పినాడు కాదేటి."

"డాక్టరు బాబుకి దాని కడుపు తెలుసు. దాని ఆకలి నాకు తెలుసు. సూడు, ఎలగ నాకుతన్నాదో!"

"పెద్దత్తా, నీకు దండం పెడతాను..."

లక్ష్మణమ్మ ముత్యం నుదురు నిమురుతూ నవ్వింది. "మా గడ్డి తినొచ్చు గానీ మా ముద్ద తినకూడదేటమ్మీ?"

ఎత్తిపొడుపుగా అని ఉంటే ఈశ్వరి కూడా ఒక మాట అనేసేది. అందులో వీసమెత్తు విషం లేదు. అడకత్తెరలో పోకచెక్కలా నిలబడి, బకెట్టులో ముత్యం మూతి అడుగంటే వరకూ చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం త్రినాథ్ బాద్షాకి మాలిష్ చేస్తుంటే ఈశ్వరి కదిపింది.

"మావా, నువ్వొక మాట సెప్పు పెద్దత్తకి. మగోడి మాట ఇంటాది."

"బాగోదే. పేనం లాంటి బీడిచ్చిన మనిషి. నలుగురితో బతకాలి మనం. ఆడోల్లు ఆడోల్లు మాటాడుకుంటే అదో తీరు."

"మరి అది పోతేనో?"

"పోదులేయే. ఊరికే బెంగెట్టుకుంటావు."

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న అత్త నారాయణమ్మ అందుకుంది. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. ఈవిడగారి గుర్రానికి పెట్టినా తప్పే! పెట్టే సేతిని వద్దంటే పాపం సుట్టుకుంటాది. నోరు మూసుకో."

ఈశ్వరి నోరు మూసుకుంది. మొగుడికి ఊరి మొహమాటం, అత్తకు పాపభయం. ఇలాంటి సాకేదీ లేని మనిషి ఆ ఇంట్లో తనొక్కతే కాబట్టి బరువంతా తన నెత్తినే పెడతారు. ఇల్లూ, బీడూ, వీధీ అన్నీ కలిసి ఒకే గదై తలుపు వేసేసినట్టు ఊపిరాడలేదు ఆమెకు. ఆ గదిలో తనతోపాటు ముత్యం కూడా ఉంది, అదొక్కటే తోడు.

మర్నాడు తెగించి లక్ష్మణమ్మ ఇంటికి వెళ్ళింది. డాక్టరు మాటలన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది కూడా. లక్ష్మణమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూచుంది.

"అంత పెమాదమని నాకు బుర్రకెక్కలేదే. నోరులేని జీవం కదా అని... సర్లే. మానేస్తాను." చిన్నపిల్లలా అడిగింది. "ఏరువాక నాడు ఒక్క ముద్ద పెట్టుకోనా?"

ఈశ్వరికి జాలి వేసింది. జాలిపడితే అయిపోయినట్టే అనిపించింది. "వద్దు పెద్దత్తా. ఒక్క ముద్ద కూడా వద్దు."

లక్ష్మణమ్మ ముఖం చిన్నబోయింది. "పెట్టను. మాటిచ్చినాను కదా, ఎల్లు" అంది.

నిజంగానే మానేసింది. బీడు వైపు రావడమే మానేసింది. ముత్యం పొద్దున్నే గేటు దగ్గరకొచ్చి వీధి వైపు చూసి చూసి వెనక్కి పోయేది. కానీ ఊరు ఊరుకుంటుందా? గుర్రమోళ్ళ కోడలు లక్ష్మణమ్మను ఏడిపించిందట, మన తిండి వాళ్ళ గుర్రానికి దిగదట అని కుళాయి దగ్గర మొదలైన మాట సాయంత్రానికల్లా నారాయణమ్మ చెవిన పడింది.

"ఈదిలో తలెత్తుకోనివ్వకుండా సేసినావు కదే! గర్వమోల్లం అంటన్నారు మమ్మల్ని! మూడు తరాలై ఎవులూ అననిమాట!"

"గర్వమేటత్తా, దాని పేనం..."

"నీకు గుర్రం పేనమే కనబడతాది. మడిసి పేనం కనబడదు!"

ఆ తర్వాత అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేవు. త్రినాథ్ ఇద్దరి మధ్యా నలిగి, తిండి తినేసి బయటికి జారుకునేవాడు.

ఏరువాక పున్నమి రోజు. రాజాంలో పెళ్ళి ఉందని త్రినాథ్ తెల్లారకముందే బాద్షాని వ్యానెక్కించుకుని వెళ్ళిపోయాడు. ఇంట్లో ఉలవలు నిండుకున్నాయి. ఈశ్వరి శ్రీకాకుళం బజారుకు వెళ్ళక తప్పలేదు. వెళ్తూ, మాటల్లేకపోయినా అత్తకు చెప్పింది. "గేటు కాడ కాస్త సూస్తుండు అత్తా. ఇవాల పండగ." నారాయణమ్మ ఊఁ అనలేదు, ఆఁ అనలేదు.

ఈశ్వరికి తట్టనిదొకటుంది. ఆ వీధిలో ఇప్పుడు ఎడ్లు లేవు. ఒక్క జత కూడా మిగల్లేదు. దున్నేది ట్రాక్టర్లే. కానీ ఏరువాక నాడు పొంగలి వండకుండా ఎవరుంటారు? వండాక పశువుకు పెట్టకుండా ఎలా? కొమ్ములకు రంగు పూయడానికి ఎద్దు లేకపోతే, మెడలో దండ వేయడానికి పక్కనే బీడులో ముత్యం ఉంది కదా!

మధ్యాహ్నం ఆటో దిగి ఉలవల మూట అరుగు మీద పడేసి ఈశ్వరి బీడు వైపు చూసింది. ముత్యం నుదుట పసుపు, కుంకుమ. మెడలో బంతిపూల దండ. కాళ్ళతో నేల గీరుతూ, తల తిప్పి తిప్పి తన డొక్క చూసుకుంటోంది. చుట్టూ అరటాకు ముక్కలు, ఆకుల మీద అంటుకున్న పొంగలి మెతుకులు. తాడు పట్టుకుని పక్కనే లక్ష్మణమ్మ.

ఈశ్వరి చూస్తుండగానే ముత్యం ముందుకాళ్ళు మడిచి కూలబడింది.

"సంపేసినావు కదే ముసల్దానా!" ఆ కేక వీధి చివరి దాకా వినబడింది. పెద్దత్త అనే పిలుపు ఎటు పోయిందో పోయింది. "మాటిచ్చి తప్పినావు! నీ పున్యానికి నా ముత్యమే దొరికినాదా? ఎడ్లు పోయినాయని దీన్నీ తినేస్తావా? నీ బీడూ వద్దు, నీ ముద్దా వద్దు, నీ ముఖం నాకు సూపించకు!"

వీధిలో ఆడవాళ్ళంతా కంచె దగ్గరకొచ్చేశారు. లక్ష్మణమ్మ ఏదో అనబోయి మింగేసింది. "తరవాత తిట్టమ్మీ," అంది మెల్లగా. "ముందు దీన్ని లేపు. దొర్లితే పేగు మెలిపడతాదని నువ్వే సెప్పినావు. బేగి, తాడు పట్టు."

ఒకరు ముందు లాగుతుంటే ఒకరు వెనకనుంచి అదిలిస్తూ ఎలాగో లేపారు. ఫోన్లో డాక్టరు, "నడిపిస్తూ ఉండండి, పడుకోనివ్వకండి, బయల్దేరుతున్నా" అన్నాడు. జ్యేష్ఠమాసపు ఎండ మాడు పగలగొడుతోంది. ఈశ్వరి బీడు చుట్టూ నడిపించింది. ఆమె కాళ్ళు తడబడితే లక్ష్మణమ్మ తాడందుకుంది. ఆవిడ ఆగితే మళ్ళీ ఈశ్వరి. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చేతులు మారుతున్నది తాడు ఒక్కటే.

కంచె అవతల సంజాయిషీలు మొదలయ్యాయి.

"నాను సిన్న గిన్నెడేనమ్మా పెట్టినాను," అంది బుల్లమ్మ.

"నాను రెండు ముద్దలే. బెల్లం కూడా ఎక్కువెయ్యలేదు," అంది జగ్గమ్మ.

"మాదైతే మరీ కొంచెం. అడుగున మిగిలిందే," అంది ఇంకొకావిడ.

అందరూ కొంచెమే పెట్టారు. ఎవరి కొంచెం వాళ్ళకు తెలుసు. అన్ని కొంచేలూ ఒక్క పొట్టలోకే పోయాయని ఒక్కరికీ తోచలేదు. ఈశ్వరి ఆ మాటలు వింటూనే ఉంది గానీ ఆమె కోపం మాత్రం ముందు నడుస్తున్న ముసలావిడ వీపు మీదే ఉంది. ఈవిడే కదా ఊరికి అలవాటు చేసింది!

డాక్టరు వచ్చి సూది వేశాడు. ముక్కులోంచి గొట్టం దింపి నూనె పట్టించాడు. "ఇక మన చేతుల్లో లేదు, చూద్దాం" అన్నాడు. ముత్యం చెమటతో తడిసి ముద్దయింది. ఈశ్వరి దాని మెడకు తల ఆనించి, "నన్నొగ్గేసి ఎల్లిపోకే, నీకు దండం పెడతాను" అని గొణుగుతూనే ఉంది.

ఎండ వాలింది. ముత్యం ఒక్కసారి ఆగింది. తోక ఎత్తింది. లద్దె వేసింది.

"బతికినాదిరో!" అని అరిచింది బుల్లమ్మ. జగ్గమ్మ ఆ లద్దెకే చేతులెత్తి మొక్కేసింది. డాక్టరు నవ్వుతూ నుదురు తుడుచుకున్నాడు. "గండం గడిచిందమ్మా. కాసేపాగి గోరువెచ్చటి నీళ్ళు, గుప్పెడు పచ్చగడ్డి. గుప్పెడే! దాణా జోలికి రెండు రోజులు పోకండి."

ఈశ్వరి గడ్డి మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. తలెత్తేసరికి ఎదురుగా అత్త నారాయణమ్మ. మధ్యాహ్నం నుంచీ గేటు స్తంభానికి ఆనుకుని మాట్లాడకుండా కూచున్న మనిషి ఇప్పుడు దగ్గరకొచ్చి నిలబడింది.

"ఈసరీ, గేటు నానే తీసినాను."

"ఏటీ?"

"ఆలందరూ గిన్నెలట్టుకొచ్చినారు. లక్ష్మణమ్మ పరిగెత్తుకొచ్చి గేటుకి అడ్డం నిలబడిపోయినాది. 'పెట్టకండే, ఈసరి గుంటకి మాటిచ్చినాను, సచ్చిపోతాదంట' అని ఒకటే బతిమాలడం. నాకు రోసం వచ్చీసింది. ఈదిలో మమ్మల్ని గర్వమోల్లని అంటన్నారు కదా, పోగొట్టుకుందామని... 'బీడు నీదైతే గుర్రం మాదే, తప్పుకో' అని రెక్కట్టుకుని పక్కకి లాగేసినాను." నారాయణమ్మ ముత్యం వైపు చూసింది. "దీనికి నొప్పొచ్చినప్పుడు నాకు కాల్లూ సేతులూ ఆడలేదు. ఆవిడే తాడట్టుకున్నాది."

"మరి నాను నోటికొచ్చినట్టు తిడతంటే సెప్పలేదేటత్తా?"

"నోరు రాలేదే. ఆవిడా నా పేరెత్తలేదు."

ఈశ్వరికి కోపం రావాల్సింది. రాలేదు. సిగ్గు వచ్చింది. ఒళ్ళంతా మండేంత సిగ్గు. చుట్టూ చూసింది. లక్ష్మణమ్మ లేదు. ముత్యం లద్దె వేయగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయిందట.

పరుగులాంటి నడకతో ఎదురింటికి వెళ్ళింది. గుమ్మంలో లక్ష్మణమ్మ కోడలు పద్మకుమారి ఎదురైంది. ఆమె ముఖం గంటు పెట్టుకుని ఉంది.

"ఇంకా ఏమైనా తిట్లు మిగిలిపోయినాయేటి వదినా?"

"పద్మా, తప్పైపోయింది. పెద్దత్త ఏదీ?"

పద్మకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పడుకున్నాది. పొద్దున్నుంచి పచ్చి మంచినీల్లు ముట్టలేదు. ఏరువాక నాడు పశువు ముద్ద తిన్నాకే ఈ ఇంట్లో పెద్దావిడ తినాలి. కాపరానికొచ్చిన కాడ్నుంచి అదే ఆనవాయితీ. ఎడ్లు పోయినాక పోయినేడు మీ ముత్యానికి పెట్టుకుని తిన్నాది. ఈ ఏడు నీకు మాటిచ్చీసింది కదా. 'పొంగలి సల్లారిపోతన్నాది, తినీ అత్తా' అంటే, 'ఎవులికి పెట్టి తినాలే, ట్రాక్టరుకా?' అన్నాది."

ఈశ్వరి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఖాళీ కడుపుతో, ఆ ఎండలో, తన తిట్లు మోస్తూ తన గుర్రాన్ని నడిపించింది ఆ మనిషి. వంటింట్లో పొంగలి గిన్నె మూత కూడా తీయకుండా అలాగే ఉంది.

లోపల మంచం మీద లక్ష్మణమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఈశ్వరి పాదాల దగ్గర కూచుని వాటిని పట్టుకుంది. లక్ష్మణమ్మ ఉలిక్కిపడి లేచింది.

"ఏటైనాదే? మల్లీ పడిపోయినాదా?"

"లేదు పెద్దత్తా. బాగున్నాది. అత్త అంతా సెప్పినాది." ఈశ్వరి మాటలు ఏడుపులో తడిసిపోయాయి. "నన్ను కొట్టు పెద్దత్తా. ఒక్క దెబ్బైనా కొట్టు."

"ఒసే పిచ్చిదానా, పిల్ల మీదకొస్తే ఏ తల్లి తిట్టదే?" అంది లక్ష్మణమ్మ. అని, తనూ ఏడ్చేసింది. "నా ఎడ్లని బేరగాడు తోలుకుపోయిన రోజు నాను ఒక్క మాట అన్నేదే. మావోడికి కట్టమవుతాదని నోరు మూసుకున్నాను. నువ్వు నీ గుర్రం కోసం ఊరంతా ఇనేలాగ అరిసినావు. నాను ఆ రోజు అలగ అరిసుంటే..."

ఈశ్వరి ఇంక వినలేకపోయింది. చెయ్యి పట్టుకుని లేవదీసింది. "నడు. డాక్టరు బాబు గుప్పెడు గడ్డి పెట్టమన్నాడు. నువ్వొచ్చి పెట్టు."

"నాను పెట్టనే. మాటిచ్చినాను."

"ఆ మాట అడిగిందాన్ని నానే. ఇప్పుడు పెట్టమని అడుగుతన్నాను."

బీడు గట్టున ఈశ్వరి లేత గరిక కోసి, నీళ్ళలో కడిగి, గుప్పెడు తీసి లక్ష్మణమ్మ దోసిట్లో పెట్టింది. ముత్యం నీరసంగా మూడడుగులు వేసి, ఆ దోసిలి వాసన చూసి, పెదాలతో ఒక్కొక్క పోచా ఏరుకుంటూ తినసాగింది. వీధి ఆడవాళ్ళంతా కంచె మీదుగా చూశారు. లక్ష్మణమ్మ చేతులు కదపలేదు. ఆఖరి పోచ అయిపోయే దాకా అలాగే పట్టుకుని నిలబడింది.

పద్మకుమారి ఇంట్లోంచి పొంగలి గిన్నె తెచ్చింది. ఈశ్వరి చెయ్యి కడుక్కుని ఒక ముద్ద చేసింది.

"పశువు తిన్నాది పెద్దత్తా. ఇంక నువ్వు తిను."

లక్ష్మణమ్మ నోరు తెరవబోయి ఆగింది. గేటు దగ్గర, లోపలికి రావడానికి మొహం చెల్లక నిలబడ్డ నారాయణమ్మ వైపు చూసింది.

"నువ్వు మాత్తరం పొద్దున్నుంచి ఏటి తిన్నావే నారాయణమ్మా? అక్కడే నిలబడిపోయినావేటి, రా!"

నారాయణమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తూ వచ్చి పక్కన కూచుంది. ఈశ్వరి చేతిలోని ముద్దను రెండుగా చేసి, ఇద్దరికీ తన చేత్తోనే తినిపించింది.